గ్రీకు గుర్తు నొక్కగానే ప్రోగ్రామ్ మూసుకుపోతోంది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. నేను థియాలజీ కాలేజీలో బి.డి. చదువుతున్నాను. క్రొత్త నిబంధన మీద పేపరు రాస్తున్నాను. వివరణంతా తెలుగులో, మధ్యమధ్యలో మూలంలోని గ్రీకు మాటలు. సాదా గ్రీకు అక్షరాలు ఎన్ని కొట్టినా ఏమీ కాదు గానీ, అచ్చు మీద గుర్తు పెట్టడానికి ఆ కీ నొక్కి తర్వాత ఆల్ఫానో ఈటానో కొట్టగానే వర్డ్ ప్రాసెసర్ కాసేపు బిగుసుకుపోయి మొత్తం మూసుకుపోతోంది. మొన్న రాసిన భాగమంతా పోయింది. గుర్తుల్లేకుండా రాసెయ్, ఎవరు చూస్తారు అంటున్నారు ఫ్రెండ్స్. సబ్మిట్ చేసే తేదీ దగ్గరికొచ్చింది, చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు పోయిన భాగం సంగతి చూద్దామమ్మా. ప్రోగ్రామ్ మళ్లీ తెరిచినప్పుడు రికవరీ అని ఒక పెట్టె వస్తే దాన్ని క్యాన్సిల్ చేయకండి, చాలామంది కంగారులో అదే చేస్తారు. అందులో కనిపించిన ఫైలు తెరిచి వెంటనే కొత్త పేరుతో సేవ్ చేయండి. వర్డ్‌లో ఆటోరికవర్ మామూలుగా 10 నిమిషాలకోసారి ఉంటుంది. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి దాన్ని 1 నిమిషానికి తగ్గించండి. లిబర్‌ఆఫీస్ అయితే టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లో ఇదే సెట్టింగ్ ఉంటుంది, అక్కడే బ్యాకప్ కాపీ తయారుచేయమనే గడి కూడా ఉంటుంది, దానికీ టిక్ పెట్టండి. ఇది చేశాకే మిగతా పరీక్షలు, ఎందుకంటే ఆ పరీక్షల్లో ప్రోగ్రామ్ ఇంకొన్నిసార్లు పడిపోతుంది, పడిపోవాలి కూడా.

గుర్తుల్లేకుండా రాయమన్న సలహా మాత్రం వినకండి. ఒమిక్రాన్, ఉప్సిలాన్ రెండక్షరాలు పక్కపక్కన రాసి, మీద స్మూత్ బ్రీదింగ్ (మాట మొదట్లో ‘హ’ ధ్వని లేదని చెప్పే గుర్తు) పెడితే ‘కాదు’ అనే మాట, రఫ్ బ్రీదింగ్ (‘హ’ ధ్వని ఉందని చెప్పే గుర్తు), సర్కమ్‌ఫ్లెక్స్ (అచ్చు మీద పెట్టే వంపు గీత) పెడితే ‘ఎక్కడ’ అనే మాట. మీ పేపరు చదివే టీచరుకు ఇది మీకంటే బాగా తెలుసు. వాక్యం అర్థం తేల్చడానికే మీరు మూలం ఎత్తిచూపుతున్నప్పుడు, ఆ అర్థాన్ని తేల్చే గుర్తునే వదిలేస్తే ఆ ఉదాహరణకు విలువుండదు. సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేయడం లేదని భాషను కత్తిరించుకోవడం నాకు అస్సలు నచ్చని పని, తెలుగు విషయంలో మనం చాలా ఏళ్లు ఇలాగే సర్దుకున్నాం.

ఇక అసలు ఏం జరుగుతోందో చూద్దాం. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్‌లో మనం ముందు హల్లు కొడతాం, అది తెరమీద కనిపిస్తుంది, తర్వాత గుణింతం గుర్తు కొడతాం. గ్రీకు కీబోర్డులో వరస తిరగబడుతుంది, ముందు గుర్తు, తర్వాత అచ్చు. గుర్తు కీ నొక్కినప్పుడు తెరమీద ఏమీ రాదు, అందుకే దాన్ని డెడ్ కీ అంటారు. కంప్యూటర్ ఆ గుర్తును తన దగ్గర పట్టుకుని అచ్చు కోసం ఎదురుచూస్తుంది, అచ్చు రాగానే రెండింటినీ కలిపి ఒకే అక్షరంగా ప్రోగ్రామ్ చేతికిస్తుంది. నేటి గ్రీకు భాషకు ఒక గుర్తు చాలు. మీరు రాసే పాత గ్రీకులో ఒకే ఆల్ఫా మీద రఫ్ బ్రీదింగ్, దాని పక్కన అక్యూట్ (ముందుకు వాలిన గీత), కింద అయోటా సబ్‌స్క్రిప్ట్ (అచ్చు కింద రాసే చిన్న అయోటా) మూడూ రావచ్చు. ఈ ఎదురుచూసే సమయంలో ఆపరేటింగ్ సిస్టమ్, కీబోర్డు లేఅవుట్, మధ్యలో ఉండే టైపింగ్ టూల్, వర్డ్ ప్రాసెసర్, ఇన్ని ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, ఆ తర్వాత ఆ అక్షరం ఫాంటులో ఉందో లేదో వెతకాలి, లేకపోతే ఇంకో ఫాంటు నుంచి తేవాలి. సాదా ఆల్ఫాకు డెడ్ కీతో పనిలేదు, దాదాపు ప్రతి ఫాంటులోనూ అది ఉంటుంది, అందుకే అది కొడితే ఏమీ కావడం లేదు.

ఒక్క అక్షరానికి ప్రోగ్రామ్ పడిపోతుందా అని చాలామందికి అనుమానం. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరానికే ఐఫోన్లు పడిపోయాయి. ‘జ్ఞ’ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆ తర్వాత దీర్ఘం, ఈ వరసతో మెసేజ్ వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో ఆ యాప్ తెరవగానే మూసుకుపోయేది. ఆ నెల 19న ఆపిల్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. తప్పు తెలుగుది కాదు, ఆ వరసను తెరమీద గీయాల్సిన కోడ్‌ది. మీ విషయంలో కూడా మీ టైపింగ్‌లో తప్పేమీ లేదు.

ఇప్పుడు పరీక్ష. నోట్‌ప్యాడ్ తెరిచి, అదే కీబోర్డుతో, అదే గుర్తు, అదే అచ్చు కొట్టండి. నోట్‌ప్యాడ్ కూడా మూసుకుపోతే గొడవ మొత్తం సిస్టమ్‌లో ఉన్నట్టు, వర్డ్ ప్రాసెసర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ప్రయోజనం లేదు. నోట్‌ప్యాడ్‌లో బాగానే వస్తే, ఆ అక్షరాన్ని కాపీ చేసి వర్డ్ ప్రాసెసర్‌లో ఒక కొత్త ఖాళీ ఫైలులో పేస్ట్ చేయండి. పేస్ట్ చేస్తే ఏమీ కాకుండా, టైప్ చేస్తేనే పడిపోతుంటే దోషం కీబోర్డు దారిలో ఉంది. పేస్ట్ చేసినా పడిపోతే దోషం ఫాంటులోనో, తెరమీద గీసే భాగంలోనో, స్పెల్లింగ్ చూసే భాగంలోనో ఉంది. ఖాళీ ఫైలులో రెండూ బాగుండి మీ పేపరులో మాత్రమే పడిపోతుంటే, ఆ ఫైలే పాడైంది. అప్పుడు మ్యాటరంతా కొత్త ఫైలులోకి ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేసుకుని ముందుకెళ్లండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరేం చెప్పినా అది ఊహే అవుతుంది.

కీబోర్డు దారి అని తేలిందనుకోండి. నా మొదటి అనుమానం మీ గ్రీకు మీద కాదు, తెలుగు టైపింగ్ టూల్ మీద. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే టూల్స్, ప్రతి కీనీ మధ్యలో పట్టి చూసే రకానివి, చాలా కంప్యూటర్లలో వెనకాల నడుస్తూ ఉంటాయి. క్లిప్‌బోర్డ్ మేనేజర్లు, గ్రామర్ చూసే యాడ్-ఇన్‌లు కూడా ఇలా వెనకాల ఉండేవే. విండోస్‌లో ఇలా మధ్యలో దూరిన ప్రోగ్రామ్ డెడ్ కీని సరిగ్గా చూసుకోకపోతే సిస్టమ్ పట్టుకున్న గుర్తు చెదిరిపోతుంది. దానికి తెలిసిన లక్షణం గుర్తు విడిగా రెండుసార్లు పడి, పక్కన సాదా అచ్చు రావడం. మీకు ఎప్పుడైనా అలా కనిపించి ఉంటే ఇంక సందేహం అక్కర్లేదు. అవన్నీ మూసేసి ఒకసారి కొట్టి చూడండి. తెలుగుకు విండోస్‌లో ఉన్న సొంత కీబోర్డునే వాడి, గ్రీకుకు కూడా సిస్టమ్‌లో ఉన్న గ్రీక్ పాలిటానిక్ (పాత గుర్తులన్నీ ఉన్న) లేఅవుటే పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో గ్రీక్ భాష కలిపితే మామూలు గ్రీక్ కీబోర్డే వస్తుంది, అది అక్యూట్‌కు, రెండు చుక్కలకు సరిపోతుంది కానీ బ్రీదింగులు ఇవ్వదు. ఆ భాష ఆప్షన్స్‌లోకి వెళ్లి పాలిటానిక్‌ను విడిగా కలపాలి. మ్యాక్‌లోనూ గ్రీక్ పాలిటానిక్ అనే పేరుతోనే ఉంటుంది, లినక్స్‌లో గ్రీక్ కింద పాలిటానిక్ రకం ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లు ఇంకొకటి చూడాలి, తెలుగు ఐబస్ అనే టైపింగ్ టూల్ ద్వారా వస్తూ గ్రీకు మామూలు లేఅవుట్‌గా వస్తుంటే, గుర్తు నొక్కి అచ్చు కొట్టేలోపు భాష మార్చకండి, మధ్యలో తెగిన డెడ్ కీలు ఇబ్బంది పెడతాయి.

పేస్ట్ చేసినా పడిపోతోందంటే, ముందు ఫాంటు మార్చండి. గ్రీకు మాటలన్నిటికీ ఒక క్యారెక్టర్ స్టైల్ పెట్టుకుని, దానికి జెంటియమ్ ప్లస్ లేదా ఎస్‌బిఎల్ గ్రీక్ ఇవ్వండి, రెండూ ఉచితంగా దొరుకుతాయి, రెండూ ఈ గుర్తులన్నిటి కోసం శ్రద్ధగా గీసినవి. టైమ్స్ న్యూ రోమన్, పలటినో లైనోటైప్‌లో కూడా ఈ అక్షరాలు ఉంటాయి. తెలుగు, గ్రీకు కలిసిన ఫైలులో ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. వర్డ్ ప్రాసెసర్లు తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద, గ్రీకును ఇంగ్లిష్‌తో పాటు పాశ్చాత్య లిపుల కింద లెక్కేస్తాయి, రెండింటికీ ఫాంటు వేర్వేరుగా పెట్టాలి. ఒకదానికే పెట్టి వదిలేస్తే రెండోది ఏదో ఒక ఫాంటు వెతుక్కుంటుంది. అదీగాక గుర్తులున్న అక్షరాన్ని యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతిలో) రెండు రకాలుగా రాయవచ్చు, ముందే కలిపి ఉంచిన ఒకే అక్షరంగా, లేదా సాదా అచ్చు పక్కన గుర్తులను విడివిడిగా పేర్చి. పేర్చిన పద్ధతిలో ఫాంటుకు, గీసే కోడ్‌కు పని ఎక్కువ. కలిపి ఉంచిన అక్షరాలు గ్రీక్ ఎక్స్‌టెండెడ్ అనే బ్లాకులో 233 ఉన్నాయి, పాత గ్రీకుకు మామూలుగా కావలసినవన్నీ అందులోనో, మామూలు గ్రీకు బ్లాకులోనో దొరుకుతాయి కాబట్టి ఎప్పుడూ వాటినే వాడండి.

ఫాంటు మార్చినా ఆగకపోతే టైప్ చేస్తుండగా జరిగే స్పెల్లింగ్ చెకింగ్ ఆపేయండి, లిబర్‌ఆఫీస్‌లో షిఫ్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే ఆగుతుంది, అక్కడే ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో వర్డ్ కంప్లీషన్ కూడా తీసేయండి. నేటి గ్రీకు డిక్షనరీ మీ మాటలన్నిటి కిందా ఎర్రగీతలే గీస్తుంది, దాంతో మీకు ఉపయోగమేమీ లేదు. తర్వాత సేఫ్ మోడ్. వర్డ్‌ను కంట్రోల్ కీ పట్టుకుని తెరిస్తే సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది, లిబర్‌ఆఫీస్‌లో హెల్ప్ మెనూలో రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్ ఉంటుంది. సేఫ్ మోడ్‌లో గుర్తులు బాగా వస్తుంటే యాడ్-ఇన్‌లలోనో, మీ యూజర్ ప్రొఫైల్‌లోనో ఏదో చెడింది, వాటిని ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. లిబర్‌ఆఫీస్‌లో ఆ సేఫ్ మోడ్ పెట్టెలోనే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపే గడి కూడా ఉంది, గ్రాఫిక్స్ డ్రైవర్ వల్ల వచ్చే గొడవలు దాంతో పోతాయి.

మీకు తేదీ దగ్గర పడిందన్నారు. ఇవన్నీ తీరిగ్గా చేసుకోవచ్చు, పేపరు ఆగకూడదు. గ్రీకు మాటలను నోట్‌ప్యాడ్‌లో కొట్టుకుని పేస్ట్ చేయండి. పెద్ద వచనాలైతే టైప్ చేయనే అక్కర్లేదు, 2010లో వచ్చిన ఎస్‌బిఎల్ గ్రీక్ న్యూ టెస్టమెంట్ పాఠం ఉచితంగా దొరుకుతుంది, గుర్తులన్నీ సరిగ్గా ఉన్న పాఠం, అక్కడినుంచి తీసుకుని ఏ ప్రతి నుంచి తీసుకున్నారో పేపరులో రాయండి. మీ టీచరు నెస్లే-ఆలాండ్ అనే ఇంకో గ్రీకు క్రొత్త నిబంధన ప్రతినే వాడమంటే మాత్రం తేడాలు సరిచూసుకోవాలి. ఒకటి రెండు అక్షరాలే కావాలంటే వర్డ్‌లోనూ లిబర్‌ఆఫీస్‌లోనూ ఒక సదుపాయం ఉంది. అక్షరం సంఖ్య కొట్టి వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కాలి. 1, ఎఫ్, 0, 0 కొట్టి నొక్కితే స్మూత్ బ్రీదింగ్ ఉన్న ఆల్ఫా, చివర 0 బదులు 1 కొడితే రఫ్ బ్రీదింగ్ ఉన్న ఆల్ఫా వస్తాయి. ఇందులో డెడ్ కీ ప్రసక్తే లేదు.

పేపరు ఇచ్చేశాక ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. ఆ ప్రోగ్రామ్ తయారుచేసేవాళ్లకు రాయండి. ప్రోగ్రామ్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, కీబోర్డు లేఅవుట్ పేరు, ఫాంటు పేరు, ఏ కీ తర్వాత ఏ కీ నొక్కితే పడిపోయిందో, పేస్ట్ పరీక్షలో ఏమైందో. ఒక్క వాక్యమే ఉన్న చిన్న ఫైలు జతచేయండి, మీ పేపరంతా పంపొద్దు. ఐఫోన్ తెలుగు గొడవ అంత త్వరగా తీరిందంటే ఎవరైనా ఎవరి ఫోనునైనా ఒక్క మెసేజ్‌తో పడేయగలిగేవాళ్లు కాబట్టి, ప్రపంచమంతా గోల చేసింది కాబట్టి. పాత గ్రీకు టైప్ చేసేవాళ్లు కొద్దిమంది, వాళ్లలో తెలుగు, గ్రీకు ఒకే ఫైలులో రాసేవాళ్లు ఇంకా కొద్దిమంది. ఆ కలయికను వేరెవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. మీరు చెబితేనే వాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్న: గ్రీసు దేశంలోనే ఈ గుర్తులన్నీ ఎప్పుడో తీసేశారని విన్నాను. మరి మన దగ్గర చదువుకునేవాళ్లకు ఎందుకీ బాధ? – ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: తీసేశారు, నిజమే. 1982లో గ్రీసు ప్రభుత్వం మోనోటానిక్ (ఒకే స్వరం గుర్తు ఉండే) పద్ధతిని అధికారికం చేసింది. రెండు బ్రీదింగులూ, గ్రేవ్ (వెనక్కి వాలిన గీత), సర్కమ్‌ఫ్లెక్స్ పోయి, ఒకటికంటే ఎక్కువ అక్షరాంశాలున్న మాటల్లో ఏది ఒత్తి పలకాలో చెప్పే ఒక్క గుర్తు మిగిలింది, అవసరమైన చోట రెండు చుక్కలు కూడా. అది నేటి భాషకు న్యాయమైన పనే, మాట మొదట్లో రఫ్ బ్రీదింగ్ సూచించే ‘హ’ ధ్వని మాట్లాడే భాషలోంచి ఎన్నో వందల ఏళ్ల కిందటే పోయింది, పిల్లలు వినపడని గుర్తులను బట్టీపట్టేవాళ్లు. కానీ పాత గ్రంథాలను గ్రీసులో కూడా ఇప్పటికీ గుర్తులన్నిటితోనే అచ్చువేస్తారు, చర్చి ఆరాధన పుస్తకాలు అలాగే ఉంటాయి, ‘ఎస్తియా’ అనే దినపత్రిక అయితే రోజువారీ వార్తలనే పాత పద్ధతిలో వేస్తుంది. ఏథెన్స్ పేపరులో వార్త రాస్తుంటే కొత్త పద్ధతి రాయండి, హోమర్‌నో సువార్తనో ఎత్తి రాస్తుంటే పాతది రాయండి.

ప్రశ్న: నా థీసిస్‌లో ఒక గ్రీకు మాట కళ్లముందే కనిపిస్తోంది, సెర్చ్‌లో కొడితే లేదంటోంది. అక్షరాలు ఒకటే, గుర్తు ఒకటే. – ఒక పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు. అక్యూట్ ఉన్న ఆల్ఫాకు యూనికోడ్‌లో రెండు చోట్లున్నాయి, నేటి గ్రీకు కోసం మామూలు బ్లాకులో ఒకటి, పాత గ్రీకు కోసం ఎక్స్‌టెండెడ్ బ్లాకులో ఇంకొకటి. రెండూ సమానమే అని యూనికోడ్ చెబుతుంది, నార్మలైజ్ చేస్తే, అంటే సమానమైన రూపాలను ఒకే రూపంలోకి తెస్తే, రెండోది మొదటిదిగా మారిపోతుంది. మీరు కీబోర్డుతో కొట్టినది ఒక రకం, ఎక్కడినుంచో కాపీ చేసినది ఇంకో రకం అయ్యుంటుంది, సెర్చ్ మాత్రం సంఖ్యలను పోల్చి లేదంటోంది. తెలుగులో కూడా ఇలాంటిది ఒకటుంది, ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగా కూడా రాయవచ్చు, చూడటానికి తేడా ఉండదు.

ఇలా జంటగా ఉన్న అక్యూట్ అక్షరాలు మొత్తం 16: ఏడు అచ్చులకు చిన్నవి ఏడు, పెద్దవి ఏడు, రెండు చుక్కలతో కలిసి అక్యూట్ ఉన్న అయోటా, ఉప్సిలాన్. ఫైలుకు కాపీ తీసి పక్కన పెట్టుకుని, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఎక్స్‌టెండెడ్ బ్లాకులోవి ఒక్కొక్కటిగా మామూలు బ్లాకులోకి మార్చండి, ఆల్ట్, ఎక్స్ నొక్కితే ఏ అక్షరం ఏ సంఖ్యో కనిపిస్తుంది. బ్రీదింగ్, అక్యూట్ కలిసి ఉన్నవాటిని ముట్టుకోవద్దు, వాటికి జంట లేదు. గైడుకు పంపేముందు పాదసూచికల్లో కూడా ఇదే చేయండి, కొన్ని ప్రోగ్రాముల్లో అవి విడిగా వెతకాల్సి వస్తుంది.

ప్రశ్న: మా పాత లెక్చరర్‌గారు ఇచ్చిన నోట్స్ ఫైలు తెరిస్తే గ్రీకు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, గీతలు కనిపిస్తున్నాయి. మళ్లీ టైప్ చేయాల్సిందేనా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అక్కర్లేదండీ. అను ఫాంట్లలో చేసిన పాత తెలుగు ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ఏమవుతుందో మీరు చూసే ఉంటారు, ఇదీ అంతే. యూనికోడ్ వాడకంలోకి రాకముందు గ్రీకు ఫాంట్లు కూడా ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో గ్రీకు బొమ్మలు పెట్టి చేసినవే. మాటను సెలెక్ట్ చేసి ఫాంటు పేరు ఏముందో ముందు చూడండి, ఆ పేరు మీదే అంతా ఆధారపడి ఉంది, ఎందుకంటే ఒక్కో ఫాంటుకు ఒక్కో అమరిక. ఫాంటు పేరు చెరిగిపోయేలా ఫైలంతా సెలెక్ట్ చేసి ఇంకో ఫాంటు మాత్రం ఇవ్వకండి, ఇచ్చారంటే ఏది గ్రీకో ఏది ఇంగ్లిషో చెప్పే ఆనవాలే పోతుంది. ఆ పేరుతో వెతికితే ఎస్‌పి అయానిక్ వంటి ఎక్కువ వాడుకలో ఉన్నవాటికి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి.

ఒకవేళ ఫాంటు మామూలుదే ఉండి, అక్షరాల పక్కన బ్రాకెట్లు, ఏటవాలు గీతలు, సమానం గుర్తులు ఉంటే అది బీటా కోడ్ కావచ్చు. గ్రీకు సాహిత్యాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన థెసారస్ లింగువే గ్రేకే వాళ్లు ఏళ్ల తరబడి వాడిన పద్ధతి అది. అందులో కుడి బ్రాకెట్ స్మూత్ బ్రీదింగ్, ఎడమ బ్రాకెట్ రఫ్, ముందుకు వాలిన గీత అక్యూట్, వెనక్కి వాలినది గ్రేవ్, సమానం గుర్తు సర్కమ్‌ఫ్లెక్స్, నిలువుగీత అయోటా సబ్‌స్క్రిప్ట్. దీన్ని మార్చడం ఇంకా తేలిక, ఒక్క గుర్తు కూడా పోదు. మార్చాక ఒక పేజీని అచ్చు పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి, ముఖ్యంగా మాట చివర సిగ్మా సరైన రూపంలో వచ్చిందో లేదో. లెక్చరర్‌గారి పాత ఫైలును చెరపకుండా అలాగే ఉంచండి.